కొత్త వైరు మహిమ

ఆత్మకూరు చుట్టుపక్కల పెళ్లి రిసెప్షన్లకు నేను సౌండ్ సిస్టం నడుపుతాను. మా ఆర్కెస్ట్రా గాయకుడు సుబ్బన్న గిటారు వాయిస్తూ పాడతాడు. జనం చీటీలు పంపేది ఆయన పాట కోసమే కదా అని, ఏళ్ల తరబడి మిక్సర్‌లో గిటారును హాల్లోకి వినపడనంతగా తగ్గించేసేవాణ్ణి.

మొన్న ఉదయగిరిలో, స్టేజి ఎక్కాక ఆయన గొంతు పూర్తిగా పోయింది. పెళ్లివాళ్లు నావైపు ఉరిమి చూశారు. ఆయన గిటారు మాత్రం వాయిస్తూనే ఉన్నాడు. మొదటిసారి గిటారు సౌండు పూర్తిగా పెంచాను. బంతిలో తింటున్నవాళ్లు కూడా ఎంగిలి చేతులతోనే వచ్చి నిలబడ్డారు.

"ఇన్నేళ్లూ లేని చప్పట్లు ఈ పొద్దు ఏందిరా?" అన్నాడు సుబ్బన్న, దిగొచ్చి, పీలగొంతుతో.

"కొత్త వైరు వేసినానన్నా" అన్నాను.

అప్పట్నుంచి ప్రతి ప్రోగ్రాం ముందూ ఆ వైరును కళ్లకద్దుకుంటున్నాడు.

అన్నా, అది పాత వైరే. కొట్టేదుంటే మెల్లంగా కొట్టు.