ఎడమ దిక్కు స్టీరింగ్

ఇనుప బొమ్మ కారును విప్పాలంటే ముందు బోర్లా వేసి, అడుగున ఉండే రివిట్లను డ్రిల్లు బిట్టుతో మెల్లగా తొలచాలి. ఆ తర్వాత పైకప్పు, అద్దాలు, సీట్లు, చక్రాలు దేనికది విడిపోతాయి. జగిత్యాలలో మా డాబా మీద, రేకుల షెడ్డు కింద చాలా కాలంగా నేను చేస్తున్న పని ఇది. పత్రికలో ఉన్నన్నాళ్లూ పేజీడు వార్తను నాలుగు లైన్లకు కుదించాను. నిండు కారును అరచేతిలోకి కుదించిన వస్తువు మీద అలాంటివాడికి మనసు పోవడంలో వింత లేదు.

ఈ మధ్య ఆ పనిలోనూ ఓపిక సన్నగిల్లింది. చిన్న స్క్రూ ఒకటి కిందపడితే మోకాళ్ల మీద కూర్చుని వెతకడానికి ఒళ్లు మొరాయిస్తుంది. దొరికాక పైకి లేవడం ఇంకో పని. ఒకదానికి రంగు వేసి అలమరలో పెట్టేసరికి, ఎప్పుడో బాగుచేసింది మళ్లీ పెచ్చులూడుతుంది. మా ఆవిడ మాట మాత్రం అరిగిపోదు. "ఇల్లంత కార్లేనాయె. ఆటో కోసం బస్టాండు దాక నడుసుడు మాత్రం తప్పకపాయె."

ఈ కార్లు మా దిక్కుకు మొదట గల్ఫ్ నుంచే వచ్చాయి. సెలవు మీద వచ్చే మనిషి పెట్టెలో రగ్గు, సెంటు సీసా, టార్చిలైటు, వాటి మధ్యలో ఒక బొమ్మ కారు ఉండేవి. పిల్లలు పెద్దయ్యాక అవి అటక ఎక్కి, అక్కడి నుంచి పాత సామాన్ల దుకాణానికి చేరేవి. నేను ఏరుకున్నది అక్కడే. అందుకే నా అలమరలో సగం కార్లకు స్టీరింగ్ ఎడమ దిక్కే ఉంటుంది. ఆ సంగతి గురించి నేనెప్పుడూ పెద్దగా ఆలోచించలేదు.

మా వీధిలో ఒక ఫిజియోథెరపీ అమ్మాయి ఉంటుంది. ఒక రోజు పొద్దున ఆమె కోరుట్ల నుంచి వచ్చిన ఒకావిడను వెంటబెట్టుకుని మేడెక్కింది. ఆవిడకు యాభై దాటి ఉంటాయి. మెట్లెక్కిన ఆయాసం తగ్గకముందే కొంగుకు కట్టిన ముడి విప్పింది. అందులో తెల్ల పికప్ బొమ్మబండి ఉంది. పైకప్పు లోపలికి నొక్కుకుపోయింది, ముందు ఇరుసు వంగింది, ఒక చక్రం లేదు. లోపలి సీట్లు, స్టీరింగ్ ముక్కలుముక్కలయ్యాయి.

"బొమ్మకార్లు బాగుజేసే సారు మీరేనట గద?"

"నేనే చెల్లె. మనుమనిదా?"

"మనుమడు యాడున్నడు సారూ. మా ఆయినది."

నేను నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగాను. ఫిజియో అమ్మాయి మిగతాది చెప్పింది. ఈమె భర్త గల్ఫ్‌లో ఒక దుకాణానికి సామాన్లు వేసే పికప్ నడిపేవాడు. పెళ్లయిన కొత్తలో అక్కడికి పోయిన మనిషి, మధ్యమధ్య సెలవులకు తప్ప ఇంటి పట్టున ఉన్నది లేదు. కిందటి సెలవుకు వచ్చినప్పుడు పక్షవాతం వచ్చింది. కుడి కాలు కొంచెం తేరుకుంది. కర్ర పట్టుకుని నడుస్తాడు. మాట ఒకటీ అరా వస్తుంది. కుడి చెయ్యి మాత్రం రాలేదు.

"పిసుకుమని రబ్బరు బంతి ఇస్తే గోడకేసి కొట్టిండు సార్," అంది ఫిజియో అమ్మాయి. "గీ బండి ఉన్నప్పుడు మాత్రం చెయ్యి కదిలేది."

ఎలా కదిలేదో ఆవిడ చేసి చూపించింది. ఎడమ చేత్తో బండిని రొమ్ముకెదురుగా స్టీరింగ్‌లా పట్టుకునేవాడట. కుడి చెయ్యి మంచం మీద ఉండేది. కాసేపటికి ఆ చేతివేళ్లు దుప్పటి మీద తడుముకుంటూ దేనికోసమో పాకేవి. మొన్న బండి మంచం కోడు కింద పడింది. ఆయన చూసుకోకుండా మంచం మీద కూలబడ్డాడు. అప్పటి నుంచి చెయ్యి పడేసిన చోటే పడి ఉంటోంది.

"ఇప్పుడు కదలకపోతే వేళ్లు గట్లనే బిగుసుకపోతయి సార్. మల్ల నేనేం జెయ్యలేను," అంది అమ్మాయి.

బాగుచేస్తానన్నాను. మెట్ల దాకా వెళ్లిన ఆవిడ వెనక్కి వచ్చింది.

"సారూ, ఒక్క మాట. స్టీరింగ్ మన దిక్కు పెట్టుర్రి."

"మన దిక్కంటే?"

"కుడి దిక్కు. ఇగ ఆడికి పోయేదైతే లేదు గద. గా బండి సూసినప్పుడల్ల గదే యాది. వీసా ఉన్నదా, పోయిందా అని సైగ జేస్తడు. గీడ మేము గింతమందిమి ఉన్నం, మమ్ముల గిట్ల అడుగడు."

ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టడమే బాగుచేయడం అని నా లెక్క. ఆవిడతో ఆ మాట అనలేకపోయాను. ఇన్నేళ్ల తర్వాత మొగుణ్ని తన దిక్కుకు తిప్పుకోవాలనుకుంటున్న మనిషితో వాదించే ఓపిక నాకు లేదు. పైగా పాత సీట్లు ఎలాగూ పనికిరావు. సరే అన్నాను.

విడి భాగాల కోసం కొడిమ్యాల మీదుగా బస్సులు మారి సిరిసిల్ల పోయాను. అక్కడి మిత్రుడు సాంచలు బాగుచేస్తాడు. మరమగ్గాన్ని వాళ్లు సాంచ అంటారు. ఆ చప్పుడులో మాట్లాడీ మాట్లాడీ ఆయన చెవిలో రహస్యం చెప్పినా వీధి చివరి దాకా వినిపిస్తుంది. ఆయనకూ నాలాంటి పిచ్చే ఉంది, కాకపోతే లారీలు తప్ప వేరేవి ముట్టడు.

"ఏందే అన్నా, పేపరు ఇడిసినంక గూడ బస్సులెక్కుడు బందు వెట్టలేదా?"

"వార్తల కోసం రాలే. చక్రం కోసం వచ్చిన."

"చక్రమా! వార్తలే నయముండె గదనే!"

డబ్బాలన్నీ బోర్లించి సరిపోయే చక్రం తీశాడు. సాంచలో పోగులు పట్టే సన్నని ఉక్కు తీగ ముక్కను ఇరుసుకు ఇచ్చాడు. మన దేశంలో తయారైన ఒక పికప్ బొమ్మ నుంచి సీట్ల అచ్చు ఊడదీశాడు. దాని స్టీరింగ్ కుడి దిక్కు ఉంది. సంగతంతా విన్నాక దాన్ని వెలుతురులో తిప్పి చూశాడు.

"దిక్కు మారిస్తే బండే మారినట్టు అన్నా. ఆర్టీవో ఆఫీసోడు ఒప్పుకోడు."

"ఇంటామె ఒప్పుకున్నది."

"గట్లయితే ఆర్టీవో ఎంత!" అని నవ్వి టీ చెప్పాడు.

ఇంటికొచ్చి పాత రంగు కరిగించి టూత్‌బ్రష్‌తో రుద్దాను. సొట్టను లోపలి నుంచి కొంచెం కొంచెంగా బయటికి తట్టాను. తెల్లరంగు కొట్టి ఎండలో పెడితే, ఎక్కడో పసుపు కొమ్ములు పాలిష్ పడుతున్నట్టున్నారు, ఆ దుమ్ముకు సాయంత్రానికి పైకప్పు పచ్చబారింది. పసుపు పట్టే కాలంలో తెల్లరంగు కొట్టకూడదని నాకు తెలుసు. తెలిసిన పనే ఎందుకో తప్పుతూ ఉంటుంది. మళ్లీ రుద్ది, మళ్లీ కొట్టి, ఈసారి దాని మీద గుడ్డ చుట్టిన బియ్యం జల్లెడ బోర్లించాను. రివిట్ల చోట చిన్న స్క్రూలు బిగించాను. బల్ల మీద తోస్తే నిటారుగా పోయింది. బాగుంది. చాలా రోజుల తర్వాత, బాగుందని నాకే అనిపించింది.

కోరుట్లలో వాళ్ల ఇల్లు మెయిన్‌రోడ్డుకు కొంచెం లోపల ఉంది. ఆయన వసారాలో మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వెడల్పు భుజాల మనిషి. శుభ్రంగా గడ్డం గీసి, తల దువ్వి ఉంది. ఆవిడే చేసి ఉంటుంది. కుడి చెయ్యి పక్కన దుప్పటి మీద ఉంది.

"సారు దెచ్చిండు. సూడు, షోరూంల నుంచి దెచ్చినట్టున్నది," అంటూ ఆవిడ బండిని ఆయన ఎడమ చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని తిప్పి చక్రాలు చూశాడు. బొటనవేలితో పైకప్పు మీద సొట్ట ఉన్న చోట తడిమాడు. తర్వాత కంటి దగ్గరికి తెచ్చుకుని అద్దంలోంచి లోపలికి చూశాడు. చాలాసేపు అలాగే చూశాడు. ఎడమ చేత్తో తన కుడి చేతిని ఎత్తి బండి మీద ఆనించాడు. అది జారిపోయింది. మళ్లీ ఎత్తాడు, మళ్లీ జారింది. ఆఖరికి బండిని ఒళ్లో పెట్టుకుని నా వైపు చూసి, ట్రాఫిక్ పోలీసుకు చెప్పినట్టు స్పష్టంగా అన్నాడు.

"రాంగ్ సైడ్."

అంతకుముందు కదలని చెయ్యి ఇప్పుడూ కదల్లేదు. ఆవిడ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. లోపల ఎక్కడో కుక్కర్ కూత పెట్టింది. ఎవరూ లేవలేదు.

"కొత్తల సెలవు మీద అచ్చినప్పుడు," అని ఆవిడ మొదలుపెట్టింది. ఎవరికి చెబుతోందో తెలియనట్టు నేల చూస్తూ చెప్పింది. "సుట్టాల జీపు దీస్కోని వేములాడ గుడికి పోయినం. ఈనెనే నడిపిండు. గేరు మార్సినప్పుడల్ల కుడి చెయ్యి పోయి తలుపుకు గుద్దుకునుడే. మా అత్త ఎనుక కూసోని ఒక్కటే నవ్వుడు. కొడుకు దిగిండు గని, కొడుకు చెయ్యి ఇంక ఇమానం దిగలేదు అని."

చెప్పడం ఆపి ఆమె ఆ చేతి వైపు చూసింది. నేనూ చూశాను. మన బండిలో గేరు ఎడమ చేతికి వస్తుంది, కుడి చెయ్యి స్టీరింగ్ పట్టాలి. ఆ చెయ్యి ఏదీ పట్టలేదు. అక్కడి బండిలో స్టీరింగ్ ఎడమ చేతిది, గేరు కుడి చేతిది. దుప్పటి మీద వేళ్లు వెతికింది ఆ గేరు కోసమే. ఆవిడ కోరిన దిక్కుకు బండిని తిప్పి, ఆయన చేతికి ఉన్న ఒక్క పనినీ మేమిద్దరం తీసేశాం.

ఆవిడ లోపలికి పోయి కుక్కర్ దించి వచ్చింది. కళ్లు తుడుచుకుందో లేదో నేను చూడలేదు.

"సారూ, మల్ల గా దిక్కే పెట్టుర్రి."

"నువ్వే వద్దంటివి గద చెల్లె."

"అంటి. ఇన్నేండ్లు గా దిక్కే ఉండె. ఇంకిన్ని రోజులు ఉంటడు, ఏమైతది? చెయ్యన్న అస్తది."

మళ్లీ సిరిసిల్ల పోవచ్చు. కథలాపూర్, రుద్రంగి దారిన బస్సు చూసుకుని, ఎడమ స్టీరింగ్ అచ్చు దొరికేదాకా డబ్బాలు వెతకవచ్చు. ఆ తిరుగుడు తలచుకుంటేనే నడుము లాగింది. స్క్రూడ్రైవర్, జిగురు సంచిలోనే ఉన్నాయి. అక్కడే బండి విప్పాను. ఆవిడ స్టవ్ మీద బ్లేడు కాల్చి ఇచ్చింది. దానితో స్టీరింగ్ కోసి ఎడమ దిక్కు అతికించాను. పొగకు అద్దం కొంచెం మసకబారింది, జిగురు ఒక చోట పొంగి గడ్డకట్టింది. నా బల్ల మీదైతే అలాంటి పనిని చెత్తబుట్టలో పడేసేవాణ్ని.

ఆయన వంగి చూస్తున్నాడు. ఎడమ చూపుడువేలితో సీట్ల మధ్య ఖాళీని చూపించాడు.

"గేరు లేదంటున్నడు," అంది ఆవిడ.

నిజమే. మొదట్లోనూ ఆ బొమ్మకు గేరు లేదు. ఆవిడ భుజం మీద కొంగుకు పెట్టుకున్న గుండుసూది తీసి ఇచ్చింది. మొన విరిచి, గుండు పైకి వచ్చేలా సీట్ల మధ్య గుచ్చి జిగురు పెట్టాను. మళ్లీ స్క్రూలు బిగించి ఇచ్చాను.

ఆయన బండిని ఎడమ చేత్తో రొమ్ముకెదురుగా పట్టుకున్నాడు. ఎదురుగా గోడ ఉంది. గోడ మీద ఆయనకు ఏ రోడ్డు కనిపించిందో తెలియదు. ఆవిడ కొంగు సర్దుకోవడం మరిచిపోయి దుప్పటి వైపే చూస్తోంది. నా కోసం పెట్టిన టీ చల్లారింది. చివరికి కుడి చేతి రెండు వేళ్లు వంగాయి. దుప్పటిని ఇంత మేర లాక్కుని ఆగాయి.

"ఫస్టు గేరు," అంది ఆవిడ. "పో, ఇగ యాడికి పోతవో పో."

బస్సులో సీటు దొరికింది. జగిత్యాల వచ్చిందని కండక్టర్ భుజం తట్టి లేపాడు.

తర్వాత చాలా రోజులు నేను డ్రిల్లు ముట్టలేదు. అలమరలో కార్ల మీద దుమ్ము పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. ఫిజియో అమ్మాయి వీధిలో కనిపించినప్పుడల్లా "మెల్లగ అస్తుంది సార్" అనేది. ఆ మాట ఆ అమ్మాయి అందరికీ చెబుతుంది కాబట్టి నేను పట్టించుకోలేదు.

నిన్న మధ్యాహ్నం కోరుట్ల నుంచి ఫోన్ వచ్చింది.

"సారూ, గేరు ఊడింది."

"ఎట్ల ఊడింది? గట్టిగనే పెట్టిన గద."

"ఏం జెప్పాలె సారూ. దుప్పటి మీద సాలుతలేదట. బండి తలుపు తెరుసుడు, లోపట ఏలువెట్టుడు. పొద్దంత గదే పని. ఒకటో గేరు, రెండో గేరు, ఊడొచ్చింది."

"ఏ చేతితోని?"



"కుడి చేతితోనే," అంది.

ఎండ తగ్గాక వస్తానని చెప్పాను. సాయంత్రం చెప్పులు వేసుకుంటుంటే మా ఆవిడ ఎక్కడికని అడిగింది. కోరుట్లకు, గుండుసూదులు కావాలన్నాను. ఆమె లోపలి నుంచి డబ్బా తెచ్చి ఇచ్చింది. ఆటో కోసం ఇద్దరం కలిసి బస్టాండు దాకా నడిచాం.