బూడిద లేని పొయ్యి

చిన్నకోటయ్య బతుకులో ఒంటరిగా వండుకొని తిన్న పూట లేదు. పిడుగురాళ్లలో సున్నపు బట్టీని ఆనుకొనే గుడిసె. ఒకరింట్లో తుమ్మితే నాలుగిళ్లకు వినపడుతుంది. అలాంటి మనిషి పంతొమ్మిదివందల ఎనభై నాలుగు ఎండాకాలమంతా వెల్దుర్తి అవతలి అడవిలో, కరెంటూ దారీ లేని గుట్ట మీద, రాతి కొట్టంలో ఒక్కడే ఉంటానని ఒప్పుకున్నాడు. దానికి కారణం దగ్గు.

నరసరావుపేట డాక్టరు ఎక్స్‌రే చూసి, సున్నం దుమ్ములోంచి బయటపడకపోతే మందులు దండగన్నాడు. బీడీ కూడా వద్దన్నాడు. బీడీ ఆ రోజే మానేశాడు. దుమ్ము మానాలంటే ఇంకో పని కావాలి. అడవి అంటుకోకుండా కనిపెట్టుకొని ఉండే కాపలా పని ఒకటుందని సుభానీ చెప్పాడు. సుభానీ ఆ బట్టీ నుంచే సున్నం తోలే లారీ డ్రైవరు. ఫారెస్టు గార్డు ధనుంజయరావు దగ్గరికి అతనే తీసుకువెళ్లాడు.

"గుట్ట దిగకుండా ఈ ఎండాకాలం నిలబడితే ఏటా నిన్నే పిలుస్తా. వానలు పడ్డాక నర్సరీలో పెట్టుకుంటా. మళ్లీ బట్టీ మొహం చూడక్కర్లేదు. కానీ ఊళ్లోకి దిగి పడుకున్నావని తెలిసిందా, అదే ఆఖరు. నీ ముందోడు అట్టాగే పోయాడు" అన్నాడు గార్డు.

ఏర్పాట్లన్నీ భార్య రోశమ్మ చేతుల్లోకి వెళ్లాయి. ఆమె ఎన్నడూ అడవి చూసింది లేదు. ఆమె పద్ధతి ఒకటే. మొగుడు పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఏం చేస్తాడో మనసులో నడిపించుకుంటూ, ఎక్కడ అతని చేతికి ఏది తగలాలో అది గోతంలో వేసేది. పళ్లు తోముకోవడానికి కచ్చిక పొడి. చెలమలో నీళ్లు తోడుకోవడానికి చెంబు, వడగట్టడానికి పాత పంచె ముక్క. బియ్యం, కందిపొడి, చింతపండు, ఎండుమిరపకాయలు, గోంగూర పచ్చడి జాడీ. లాంతరు, కిరసనాయిలు డబ్బా. దగ్గు మందు సీసాని దుప్పటి మడతల్లో పెట్టింది.

"ఎలుగ్గొడ్డు వస్తే ఏం చేస్తావయ్యా?"

"దగ్గు మందడిగితే ఇస్తా."

"నవ్వులాటగా ఉంది నీకు."

"మరేం చెయ్యమంటావే? కూచోబెట్టి కాళ్లకి నీళ్లిమ్మంటావా?"

మూటలు ఎక్కించడానికి వచ్చిన సుభానీ నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడ్డాడు. "ఏందక్కా, అన్నని పంపిస్తున్నావా, కాపరం మారుస్తున్నావా?"

"ఒరేయ్, రోజూ కొండంత సున్నం ఎత్తుతావు. నా చింతపండు బరువయ్యిందా నీ లారీకి?"

లారీ కదిలేముందు ఆమె ఇంకోసారి పొద్దున్నించి రాత్రిదాకా మనసులో తిరిగి వచ్చింది. ఏదీ తప్పలేదు.

గార్డు గుట్టదాకా వచ్చి, కొట్టం చూపించి, చెలమ చూపించి దిగిపోయాడు. చిన్నకోటయ్య నేల చిమ్మాడు. రాళ్లు ఏరుకొచ్చి కొత్తగా పొయ్యి పెట్టాడు. ఎండు పుల్లలు విరిచి పేర్చాడు. బియ్యం కడిగి ఎసరు పెట్టి, చెయ్యి వెనక్కి చాపాడు. ఆ చేతికి ఏమీ తగల్లేదు.

అగ్గిపెట్టె లేదు.

బట్టీ చుట్టుపక్కల గుడిసెల్లో అగ్గిపెట్టె కొనేది బీడీలు తాగేవాళ్లే. బట్టీ ఎప్పుడూ ఆరదు. తెల్లారగానే ఆడవాళ్లు రేకు ముక్క పట్టుకెళ్లి నాలుగు నిప్పులు తెచ్చుకుంటారు. పొయ్యికీ దీపానికీ అదే నిప్పు. రోశమ్మ మనసులో మొగుడు తిరిగిన ఆ రోజంతటిలోనూ పొయ్యి ముందే రాజుకొని ఉంది.

అతనికి మొదట నవ్వొచ్చింది. అడవిలో నిప్పు పుట్టకుండా చూడమని పంపితే, తన పొయ్యిలోకే లేకుండా పోయింది. ఊరు దూరం. వెళితే చీకటిపడేలోగా తిరిగి రాలేడు. బియ్యం నానబెట్టి, పచ్చడి నంజుకొని నమిలాడు. మర్నాడూ అదే తిన్నాడు. కడుపులో నొప్పి మొదలైంది. దగ్గు మాత్రం కొంచెం తగ్గినట్టు తెలిసింది. పొద్దున లేస్తూనే ఛాతీ పట్టుకొని కూచోవలసిన అవసరం రాలేదు.

ఆ తర్వాత ఎదుటి వాలులో సన్నగా పొగ కనిపించింది. కర్ర తీసుకొని దిగాడు. అడుగున బండరాయి చాటున ఒక ముసలి గొర్రెలకాపరి జొన్న సంకటి కెలుకుతున్నాడు. పేరు ఎలమంద అని చెప్పాడు. మంద కాస్త పైన మేస్తోంది.

"నిప్పు పెట్టగూడదు పెద్దాయనా. ఫారెస్టోళ్ల ఆర్డరు."

"మరి నీ చేతిలో ఆ మూకుడేంది తమ్ముడా?"

చిన్నకోటయ్య చేతివైపు చూసుకున్నాడు. కర్రతోపాటు ఇనప మూకుడు కూడా పట్టుకొచ్చాడు. ఎప్పుడు తీసుకున్నాడో అతనికే గుర్తులేదు. సంగతి చెప్పాడు. ఎలమంద గొర్రెలు బెదిరేలా నవ్వాడు.

"అగ్గి కాపలావోడికి అగ్గి లేదా! కూచో, ముందు తిను. తర్వాత పట్టుకుపోదువుగాని. అగ్గిపెట్టె నా దగ్గరా లేదు, చెకుముకి రాయే. అదీ ఒక్కటే, నీకిస్తే నాకు పూట గడవదు."

వేడి సంకటి రెండు ముద్దలు తిన్నాడు. తిన్నాక ఎలమంద మూకుడు నిండా నిప్పులు పోసిచ్చాడు. నిప్పులు మొయ్యడం చిన్నకోటయ్యకు చిన్నప్పటి నుంచీ అలవాటే. నాలుగడుగులు వేశాడు. గుట్ట పైదాకా మొలలోతు బోదగడ్డి, ముట్టుకుంటే విరిగేంత ఎండి ఉంది. గాలి కిందనుంచి పైకి తోలుతోంది. వెనక్కి వచ్చి నిప్పులు నేల మీద కుమ్మరించి, మన్ను కప్పాడు. పొయ్యిలోవీ ఆర్పించాడు.

"ఎవరికీ చెప్పకు తమ్ముడా. మేతక్కూడా రానివ్వరు" అన్నాడు ఎలమంద.

"నేనెందుకు చెబుతా?"

మర్నాడు గార్డు చెప్పకుండా వచ్చాడు. కొట్టంలోకి తొంగిచూసి, వంగి పొయ్యిలో చెయ్యి పెట్టాడు. పేర్చిన పుల్లలు పేర్చినట్టే ఉన్నాయి. రాళ్లకు మసి లేదు. చిటికెడు బూడిద లేదు.

"ఎక్కడ పడుకుంటున్నావయ్యా?"

"ఇక్కడే సార్."

"వండుకోకుండానే? కిందికి దిగి తిని, ఎండెక్కాక పైకొచ్చి కూచుంటున్నావు. మూట కట్టు."

"అగ్గిపెట్టె మరిచిపోయా సార్. బియ్యం నానేసుకొని తింటన్నా."

"నీ ముందోడు కూడా ఇట్టాంటివి చానా చెప్పాడు. నువ్విక్కడ ఉన్నట్టు చూసినోడు ఒక్కడున్నాడా?"

చిన్నకోటయ్య ఎదుటి వాలువైపు చూశాడు. గార్డు దుప్పటి తీసి గోతంలో కుక్కడం మొదలుపెట్టాడు. మడతల్లోంచి మందు సీసా జారి నేల మీద దొర్లింది. చిన్నకోటయ్య వంగి దాన్ని తీసుకున్నాడు.

"ఉన్నాడు సార్. గొర్రెలాయన. నిన్న ఆయన పొయ్యి ఆర్పించింది నేనే."

ఇద్దరూ కిందికి దిగారు. బండ చాటున మసిపట్టిన రాళ్లను గార్డు బూటుతో తన్నాడు. ఎలమంద దేనికీ కాదనలేదు.

"ఉన్నాడు సార్, ఆ గుట్ట మీదే ఉన్నాడు. నిప్పిస్తే పట్టుకుపోకుండా ఆర్పేశాడు."

పొద్దుగూకేలోగా మందను అడవి దాటించమన్నాడు గార్డు. ఈ ఎండాకాలం మళ్లీ కనపడొద్దన్నాడు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి చిన్నకోటయ్య చేతిలో పెట్టి, అటునుంచటే వెళ్లిపోయాడు.

ఎలమంద గొంగడి దులుపుకున్నాడు. "చెప్పకపోతే నీ పని పోయేదా?"

"పోయేది."

"సరే మరి" అని గొర్రెలను కేకేశాడు.

చిన్నకోటయ్య పైకి వచ్చి పొయ్యి వెలిగించాడు. అన్నం పొంగింది. గంజి వార్చి, తినకుండానే బయటికి వచ్చి నిలబడ్డాడు. మంద వాలు దిగి, ఏరు దాటి, అవతలి చెట్లలోకి పోతోంది. ఎలమంద ఇటు తిరిగి చూడలేదు. చివరి గొర్రె కనిపించకుండా పోయేదాకా ఉండి, చుట్టూ ఇంకెక్కడైనా పొగ లేస్తోందేమో చూశాడు. ఎక్కడా లేదు. లోపలికి వెళ్లి అన్నం పెట్టుకున్నాడు.