నాకు లేని తలనొప్పికి సూదుల వైద్యం

పాతికేళ్లు నిండని ఆ రోజుల్లో ఒంట్లో ఏ జబ్బూ ఉండేది కాదు. అందువల్ల సెలవు కావలసినప్పుడల్లా ఏదో ఒక జబ్బును వెతుక్కోవలసి వచ్చేది. గురజాలలో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ మాస్టరుగా చేరిన కొత్తల్లో నా పరిస్థితి అదే. జ్వరమంటే నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తారు. కడుపునొప్పంటే మధ్యాహ్నం క్యారియర్ ఖాళీ చేయడం చూసినవాళ్లు పదిమంది ఉంటారు. తాతయ్య పోయాడందామంటే, ఇద్దరు తాతయ్యలనూ డిగ్రీ చదివేటప్పుడే వాడేశాను (ఇద్దరూ ఆ తర్వాత చాలా ఏళ్లు నిక్షేపంగా ఉన్నారు). అలాంటి సమయంలో మాచర్లలో శుక్రవారం క్రికెట్ మ్యాచ్ పడింది. మా జట్టుకు ఓపెనర్‌ని నేనే. పైకి కనిపించని జబ్బు కోసం ఫోన్లో వెతికితే మైగ్రేన్ దొరికింది.

మా ప్రిన్సిపాల్‌ను పిల్లలు చాటుగా సైలెన్స్ మేడమ్ అనేవాళ్లు. వరండాలో చెప్పు చప్పుడైనా చాలు, గదిలోంచి "సైలెన్స్!" అని కేక వచ్చేది. యాభై దాటిన మనిషి. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు స్టాఫ్‌లో లేరు. నన్నింకా పర్మనెంట్ చేయలేదు కూడా. అబద్ధం బయటపడితే ఇంటికి పోవడమే. లీవ్ లెటర్ ఇచ్చాను. అందులో మైగ్రేన్ అన్న మాట చూడగానే ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నీకు కూడానా నాయనా?"

ఆ 'కూడా' దగ్గరే నేను పారిపోవలసింది.

"ఏ వైపు వచ్చిద్ది?"

"ఎడమ వైపు మేడమ్."

"వెలుతురు పడదా? కడుపులో తిప్పిద్దా?"

అన్నిటికీ తలూపాను. సెలవు దొరికింది. దాంతోపాటు వైద్యం కూడా మొదలైంది. సోమవారం నా బల్ల మీద ఫ్లాస్కు నిండా అల్లం కషాయం ఉంది. టీ మానేయమన్నారు, ఊరగాయ ముట్టొద్దన్నారు, తొమ్మిదింటికల్లా పడుకోమన్నారు. వెలుతురు పడదన్నాను కదా, నా కంప్యూటర్ ల్యాబులో ట్యూబులైట్లు పీకించారు. ఆ మసక చీకట్లో పిల్లలు ఏ కీ నొక్కుతున్నారో వాళ్లకీ తెలిసేది కాదు, నాకూ తెలిసేది కాదు. అద్దెగదికొస్తే ఇంటి ఓనరు పిన్ని. మేడమ్ ఆవిడకు ఫోన్ చేసి చెప్పారట, శొంఠి గంధం తీసి సిద్ధంగా ఉండేది. "మండుతుంటే మందు పనిచేస్తన్నట్టురా, ఓర్చుకో" అని నుదురంతా పూసేది. లేని నొప్పికి అంత మంట పడ్డవాణ్ణి పల్నాడులో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

రెండు వారాలకు ఆవిడ మళ్లీ పిలిచారు. "నరసరావుపేటలో ఆక్యుపంక్చర్ చేసే డాక్టరున్నాడంట. చానామందికి తగ్గిందంటన్నారు. ఆదివారం చర్చి నుంచి అటే వస్తా, పదింటికి బస్టాండు కాడ ఉండు."

డాక్టరు బక్కపలచని మనిషి. గొంతు మెత్తగా ఉంది, సూదుల డబ్బా మాత్రం పెద్దదిగా ఉంది. "ముందు నువ్వు పడుకో నాయనా" అన్నారు మేడమ్, కొంగు గట్టిగా పట్టుకుని. ఆవిడకు సూదులంటే భయమని నాకప్పుడు అర్థమైంది. నాకు ఆవిడకన్నా ఎక్కువ భయమని ఆవిడకు తెలియదు.

"నొప్పి ఏ వైపు బాబూ?"

"కుడి వైపండి."

"ఎడమ అన్నావుగా!" అన్నారు మేడమ్.

డాక్టరే కాపాడాడు. "కొందరికి మారుతుందమ్మా." ఆ తర్వాత కళ్లు మూసుకుని "అమ్మా!" అని అరిచాను. "ఇంకా గుచ్చలేదు బాబూ" అన్నాడాయన. తీరా గుచ్చితే చీమ కుట్టినంత కూడా లేదు. కనుబొమల మధ్య ఒకటి, కణతల దగ్గర రెండు, చేతుల మీద, పాదాల మీద ఇంకొన్ని. నాకేమీ కాలేదని చూసుకుని మేడమ్ పక్క మంచం మీద పడుకున్నారు. మధ్యలో పరదా. ఇరవై నిమిషాలు కదలొద్దని చెప్పి ఆయన బయటికి వెళ్లాడు.

కాసేపటికి పరదా వెనకనుంచి మేడమ్ గొంతు వినిపించింది. స్కూల్లో ఎప్పుడూ వినని గొంతు.

"ఇరవై ఏళ్లుగా ఈ తలనొప్పి నాయనా. మా అత్త నటననేది. మా ఆయన నిద్రపోతే పోయిద్దంటాడు. పిల్లల చప్పుడు తల్లో సుత్తిలాగా పడిద్ది, నేనేమో కేకలేస్తా. ఎవరికి చెప్పినా నమ్మలా. నువ్వొక్కడివే, ఏంది మేడమ్ అనకుండా విన్నావు. నీకూ ఉంది కాబట్టి."

నుదుట్లో సూది పెట్టుకుని అబద్ధం మోయడం నా వల్ల కాలేదు.

"మేడమ్, నాకు తలనొప్పి లేదు."

"అప్పుడే తగ్గిందా!" ఎంత సంతోషంగా అన్నారో.

"అసలెప్పుడూ లేదు మేడమ్. ఆ శుక్రవారం మాచర్లలో మ్యాచుంది."

ఉద్యోగం పోయిందనుకున్నాను, అంతకన్నా ఆవిడ ముఖం చూడవలసి వస్తుందని భయపడ్డాను. పరదా అవతలి నుంచి ఒక ప్రశ్న వచ్చింది.

"ఎన్ని కొట్టావు?"

"మొదటి బంతికే అవుటయ్యాను మేడమ్."

మొదట మంచం కిర్రుమంది. తర్వాత ముక్కుతో ఆపుకుంటున్న శబ్దం, ఆ వెంటనే పెద్ద నవ్వు. డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. "నవ్వమాకమ్మా, సూదులు కదులుతాయి!" ఆయన అలా అనేసరికి నాకూ ఆగలేదు.

ఉద్యోగం పోలేదు. శిక్ష మాత్రం పడింది. "నాకు ఒక్కదాన్నే పోవాలంటే భయం. వైద్యం అయ్యేదాకా తోడు రావాల్సింది నువ్వే" అన్నారు. వరసగా అన్ని ఆదివారాలూ వెళ్లాను. నొప్పి పూర్తిగా పోలేదు. మరీ ఎక్కువైనప్పుడు పెద్దాసుపత్రి డాక్టరిచ్చిన మాత్రలు వేసుకునేవారు. కానీ రావడం తగ్గిందనేవారు. సూదుల వల్లో, వేళకు నిద్ర వల్లో, ఎవరో ఒకరు విన్నందువల్లో ఆవిడకూ తెలియదు.

అలా ఒక ఆదివారం తిరిగి వస్తుంటే ఆవిడ బస్సు కిటికీకి తల ఆనించి నిద్రపోయారు. పిడుగురాళ్ల దాటాక పడమటి ఎండ సూటిగా ముఖం మీద పడింది. కిటికీకి తెర లేదు. నేను లేచి నిలబడి, నా సంచి అడ్డం పెట్టాను. చెయ్యి పీకుతోంది, మార్చుకుంటున్నాను. కండక్టరు చూసి "ఏందయ్యా, కూర్చోరాదా?" అన్నాడు.

"ఆమెకు వెలుతురు పడదు" అన్నాను గుసగుసగా.

అబద్ధాలకోరు, మొదటి బంతికే అవుటైన ఓపెనర్, గురజాల దాకా అలాగే నిలబడ్డాడు. ఆ కుర్రాడంటే నాకిప్పటికీ కాస్త ఇష్టమే.