అత్త గది తాళం, రెండు పిస్తోళ్ళు

పోయిన శుక్రవారం మా ఆయన ఇనుప పెట్టె తెరిపించడానికి తాళాలు తీసే మనిషిని పిలిపించాము. నంద్యాలలో సగం ఇళ్ళ తాళాలు తీసిన మనిషి పెట్టెకు బయటి నుంచి ఇంకో మనిషి రావలసి వచ్చింది, చూడండి. మా ఆయన పోయి మూడేళ్ళయింది. ఆ పెట్టె తాళంచెవి ఎప్పుడూ ఆయన నడుము బెల్టులోనే ఉండేది. ఆ బెల్టును ఏడుపుల గందరగోళంలో మాలో ఎవరు తీశారో, ఎక్కడ పెట్టారో ఎవరికీ గుర్తులేదు. మూడేళ్ళుగా నేను ఆ పెట్టె మీద దుమ్ము తుడుస్తున్నాను, దాని మీదే ఉల్లిగడ్డల బుట్ట పెట్టుకుంటున్నాను. వచ్చిన మనిషి బుట్ట దించి, సంచిలోంచి ఒక పిస్తోలు తీశాడు. భయపడకండి, ఇది మనుషులను కాల్చేది కాదు. చేతిపిడీ, నొక్కడానికి గుర్రమూ పిస్తోలుకు ఉన్నట్టే ఉంటాయి గానీ, ముందర గొట్టానికి బదులు సన్నటి సూది ఉంటుంది. సూదిని తాళంలో పెట్టి గుర్రం నొక్కితే అది టక్కున ఎగిరి లోపలి పిన్నులను కొడుతుంది. అవి ఉలిక్కిపడిన ఆ క్షణంలో, రెండో చేత్తో పట్టుకున్న వంకర కడ్డీతో తాళాన్ని తిప్పేయాలి. ఇదంతా నాకు ఎవరూ నేర్పలేదు. ఉప్పు అమ్మేవాడి పెళ్ళాం చేతికి ఉప్పు అంటదా?

ఆ మనిషి సూది పెట్టబోతుంటే నేను అడ్డం పడ్డాను. "ఆగప్పా. లోపల ఏముందో అడగవా?" అన్నాను. ఆయన నన్ను వింతగా చూసి, "అడిగేదేముందమ్మా? తెరిస్తే నీకే తెలుస్తాది గదా" అన్నాడు. మా ఆయన అయితే ఆ మాటకు సామాన్ల సంచి సర్దుకుని పోయేవాడు. నాకు సంతకం పెట్టడం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది, "నిదానంగా చెప్పుమా" అని మధ్యమధ్య కసురుతోంది కూడా. అయినా ఆ ప్రశ్న సంగతి చెప్పకుండా ముందుకు పోలేను.

మా ఆయన ఎవరి తాళమూ ఊరికే తీసేవాడు కాదు. పిలిచిన మనిషిని తాళం ముందర నిలబెట్టి, "లోపల ఏముంది?" అని అడిగేవాడు. సొంతదారుడైతే చెప్పగలడు, దొంగైతే నసుగుతాడు. ఆయన చదువుకున్న చట్టమంతా అదే. ఒకసారి కొలిమిగుండ్ల వైపు పెద్ద రైతు ఒకాయన బీరువా తాళంచెవి పోగొట్టుకున్నాడు. లోపల ఏముందంటే ఇంట్లోవాళ్ళ ముందర గంభీరంగా "పొలం కాగితాలు" అన్నాడు. తెరిస్తే కాగితం ముక్క లేదు, రెండు పొట్లాల మైసూరుపాకు ఉంది. ఆయనకు చక్కెర జబ్బట. మా ఆయన తలుపు మళ్ళీ మూసి, "కాగితాలు లేవు గదన్నా, ఇది నీ బీరువా కాదేమో" అన్నాడట. ఆ ఇంటి ఇల్లాలు మా ఆయనకు కడుపునిండా భోజనం పెట్టి పంపింది. ఆ రైతుకు ఆ రోజు ఏం పెట్టిందో నేను అడగలేదు.

ఇక పిస్తోళ్ళ సంగతి. మా ఆయనది హైదరాబాదు పిస్తోలు. తళతళలాడేది. వెనకవైపు చిన్న చక్రం ఉండేది, దాన్ని తిప్పితే సూది దెబ్బ మెత్తగానో గట్టిగానో పడుతుంది. దాన్ని నా పెళ్ళి వోణీ ముక్కలో చుట్టి పెట్టుకునేవాడు. నేను దుమ్ము తుడవబోయినా "తాకొద్దు" అనేవాడు. వోణీ నాదే, తాకకూడనిది నేనే. మా తమ్ముడికి ఆళ్ళగడ్డలో సైకిల్ అంగడి ఉంది. వాడు ఒక పండగకు వచ్చి, ఆ పిస్తోలును రెండు నిమిషాలు అటూ ఇటూ తిప్పి చూసి వెళ్ళాడు. నెల తిరక్కుండా సొంతంగా ఒకటి చేసుకొచ్చాడు. సైకిల్ బ్రేకు పిడి గుర్రమైంది, సాగగొట్టిన చక్రం పుల్ల సూది అయింది, పొలానికి మందు కొట్టే పంపులోని స్ప్రింగు లోపలికి పోయింది. వంకర కడ్డీకి పాత గొడుగు ఊచ. దానికి మెత్తన, గట్టి అనే తేడాలు లేవు, ఒకటే దెబ్బ. మా ఆయన దానికి "గాడిద తన్ను" అని పేరు పెట్టాడు. మా తమ్ముడేమో హైదరాబాదు దాన్ని "పెళ్ళికొడుకు" అనేవాడు, చూడ్డానికే గానీ పనికి రాదని. అహోబిలం లాడ్జీల్లో భక్తులు తాళంచెవి గదిలోనే మరిచి తలుపు లాగేసుకుంటారు కదా, అక్కడ వాడి గాడిదకు మంచి పేరు వచ్చింది. "స్తంభం పగలగొట్టుకుని వచ్చే సామి ఊర్లో తలుపు తీసేదానికి నేను కావల్సొచ్చింది బావా" అని మా ఇంటికి వచ్చినప్పుడల్లా చెప్పేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా మా ఆయనకు అన్నం సహించేది కాదు.

మా ఇంట్లో వెనక గది ఒకటి ఉంది, మా అత్తది. కిటికీ లేదు, పైన జానెడు వెంటిలేటరు, దానికి అద్దం. రాతి కట్టడం కాబట్టి ఎండాకాలం ఇంట్లో అంతటికీ అదే చల్లన. దాని తలుపు లాగితే తనే పడిపోయే తాళం. లోపలివైపు తిప్పే గుండ్రటి పిడి వదులైందని మా ఆయన ఒకరోజు ఊడదీశాడు. "రేపు బిగిస్తా" అన్నాడు. ఊరందరి తాళాలకూ ఈరోజే, మా ఇంటి తాళానికి రేపు. నేను చెప్పబోయే రోజుకు ఆరేళ్ళు గడిచినా ఆ రేపు రాలేదు. పిడి ఎక్కడ పారేశాడో కూడా తెలియదు. అందుకని తలుపు పడకుండా నేను ఒక ఇటుక అడ్డం పెట్టాను. ఆ ఇటుక మా ఇంట్లో ఒక మనిషి లెక్క. దాన్ని ఎవరూ కదిలించకూడదు.

ఎనిమిదేళ్ళ కిందట రంజాన్ నడి ఎండాకాలంలో వచ్చింది. ఇంటిల్లిపాదీ రోజా ఉన్నాము. డెబ్బై దాటిన మా అత్త కూడా, వద్దన్నకొద్దీ, ఉంది. సాయంత్రం ఆమె గదిలో నమాజు చేసుకుని చాప మీద వాలింది. ఇఫ్తారుకు మా తమ్ముడు ఆళ్ళగడ్డ నుంచి మామిడిపండ్లు తెచ్చి ముందరింట్లో కూర్చున్నాడు. నేను గడప కడుగుతూ ఇటుక కింద మురికి కనిపించి, ఒక్క నిమిషమని ఇటుక పక్కకు జరిపాను. టప్పున తలుపు పడింది. తాళంచెవి లోపలే, మేకుకు వేలాడుతోంది. గడప ఎత్తు, తలుపు కింద చీమ దూరే సందు లేదు.

"ఎవరే తలుపేసింది?" లోపలి నుంచి మా అత్త.

"గాలి అత్తా."

"గాలికి చేతులుండాయా? ఇటుక తీసింది ఎవరు?"

ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమె నన్ను ఒక్కసారి మెచ్చుకుని ఎరగదు. ఇప్పుడు పొద్దంతా పచ్చి నీళ్ళు కూడా ముట్టని ఆమెను గాలి ఆడని గదిలో పెట్టి మూసేశాను. అజానుకు ఇంకా అరగంట. అజాను అయ్యాక ఆమెకు గుక్కెడు నీళ్ళు అందకపోతే ఏమవుతుందోనని మా ఆయనను కేకేశాను.

మా ఆయన కంగారుగా వచ్చి, వోణీ విప్పి, పిస్తోలు తీసి, తాళం ముందర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కూర్చోగానే, అలవాటు చూడండి, నోట్లోంచి వచ్చేసింది. "లోపల ఏముంది?"

"మీ యమ్మ ఉండాది రా, దరిద్రుడా! ఆధారు కార్డు చూపించల్లా?"

ఆయన టక్ టక్ మని కొట్టాడు. తాళం కదల్లేదు. చక్రం తిప్పి మళ్ళీ కొట్టాడు. మళ్ళీ తిప్పాడు. అంతలో కరెంటు పోయింది. మా తమ్ముడు వెనక నిలబడి, "చక్రం తిప్పి తిప్పి రేడియో టేసను పట్టుకుంటాండావా బావా? జరుగు, నా దాంతో తీస్తా" అన్నాడు.

"నీ గాడిద తన్నుకు తాళం కాదు, గోడ పడిపోతాది."

"పడితే పడనీ. అత్త బయటికొస్తాది గదా."

మా తమ్ముడి వంతు వచ్చింది. దభీ దభీమని ఆరు దెబ్బలు. గోడ సున్నం రాలింది గానీ తాళం ఉలకలేదు. మా ఆయన ముఖంలో, తల్లి లోపల ఉందన్న బాధ ఉండనే ఉంది గానీ, దాని మీద రవ్వంత సంతోషం కూడా నేను చూశాను. "అహోబిలంలో తీస్తి, లాడ్జీలో తీస్తి అంటివే, ఇప్పుడేమాయ?"

"ఆడి తాళాలు మర్యాద తెలిసినవి బావా. ఇది నీ ఇంటిది, నీ మాదిరే మొండిది."

అప్పుడు నేను చెప్పాను. "ఆ తాళం తలకిందులుగా ఉండాది. తాళంచెవి పండ్లు కిందికి పెట్టి తిప్పల్ల." ఊరికి పోయినప్పుడల్లా ఆ గదికి తాళం వేసేదీ తీసేదీ నేనే. కుడివైపు తలుపుకు సరిపడే తాళం దొరక్క, ఎడమవైపుది తెచ్చి దాన్ని తలకిందులు చేసి బిగించింది మా ఆయనే. ఆ రోజు దీపం పట్టుకుని నిలబడిందీ నేనే. ఆయన మరిచిపోయాడు. "నువ్వు పోయి గంజి చూసుకో పో" అన్నాడు. రెండోసారి చెప్పాను. "ఊరుకో అక్కా, ఇది పని తెలిసినోళ్ళ సంగతి" అన్నాడు మా తమ్ముడు. సూది పైకి కొట్టే పిస్తోళ్ళు రెండూ, పిన్నులేమో కింద. ఇద్దరూ ఖాళీ జాగాను కొడుతున్నారు. ఆ చీకట్లో తాళాన్ని చూసేవాళ్ళు లేరు. ఇద్దరూ ఒకరి పిస్తోలు ఒకరు చూసుకుంటున్నారు.

టకటకలు విని ఎదురింటి పెద్దమ్మ గడ్డపార తీసుకుని వచ్చేసింది. "ఒక్క పోటు పొడిస్తే అయిపోతాది గదప్పా!" మా ఆయన తలుపుకు అడ్డంగా రెండు చేతులూ చాపాడు. "తాళాలు తీసేటోని ఇంటి తలుపు గడ్డపారతో తీసినారంటే రేపు బజార్లో నా మొకం ఎట్ల చూపిచ్చల్ల?"

"నీ మొకం సంగతి తర్వాత" అని లోపలి నుంచి గొంతు. అప్పటికే సగం తగ్గింది ఆ గొంతు. "అజానుకు ఎంతసేపుండాది?"

"పది నిమిషాలుమా."

"కోడలు ఏందో చెబుతాంది, వినండ్రా. ఆ తాళం తిప్పేది అదా, మీరా?"

ఆమె నా తరఫున మాట్లాడడం అదే మొదలు. తర్వాత లోపల చప్పుడు లేదు. "అత్తా" అన్నాను. పలకలేదు. "అమ్మా" అన్నాడు మా ఆయన. పలకలేదు. అప్పుడు ఆగాయి ఇద్దరి నోళ్ళూ. పెద్దమ్మ గడ్డపార ఎత్తింది. నేను మా ఆయన చేతిలోంచి, ఏనాడూ తాకనివ్వని ఆ హైదరాబాదు పిస్తోలును లాక్కుని, తలకిందులు చేసి తాళంలో పెట్టబోయాను. పట్టలేదు. పొడుగాటి పిడి పైకి తిరిగేసరికి గడియకు తగిలింది. మా తమ్ముడిది లాక్కుని తిప్పాను. పొట్టిది, సరిగ్గా కూర్చుంది. కానీ దాని గొడుగు ఊచ కడ్డీ అప్పటికే పాములా వంగిపోయి ఉంది. మా ఆయన ఇంకో మాట లేకుండా తన హైదరాబాదు కడ్డీ తాళంలో దూర్చి, "బామ్మర్దీ, నువ్వు కొట్టు, నేను తిప్పుతా" అన్నాడు. ఒకటి. రెండు. మూడో గాడిద తన్నుకు తాళం తిరిగింది.

మా అత్త చాప మీద గోడకు ఆనుకుని, ముసుగు సరిచేసుకుని కూర్చుని ఉంది. కళ్ళు తెరిచింది. "అన్నిసార్లు పిలిస్తే పలకవేందిమా?" అని మా ఆయన ఏడుపు గొంతుతో అడిగాడు. "నోరెండిపోయింది. ఉన్న రోంత తడి మిమ్మల్ని తిట్టేదానికి దాచిపెట్టుకుంటి" అంది. అంతలో మసీదు మైకులో అజాను మొదలైంది. ఆమె తిట్లు పక్కన పెట్టి, ఖర్జూరం సగం కొరికి, మిగతా సగం నా చేతిలో పెట్టింది. "ఇటుక తీసిందీ నువ్వే, పిస్తోలు తిప్పిందీ నువ్వే. సరికి సరి" అంది. గంజి తాగుతూ బావా బామ్మర్దులు మళ్ళీ మొదలుపెట్టారు, తీసింది పిస్తోలా, కడ్డీనా అని. "లోపల కూర్చునింది నేను. పేరు నాది" అని మా అత్త తీర్పు చెప్పింది. ఆ రాత్రి బస్సుకు పోతూ మా తమ్ముడు తన గాడిదను మా ఆయన పెట్టెలో పెట్టి పోయాడు. అప్పటి నుంచి ఆ రెండూ నా వోణీలోనే ఉన్నాయి.

అందుకే శుక్రవారం ఆ తాళాలు తీసే మనిషి చేత ప్రశ్న అడిగించాను. నవ్వుకుంటూనే అడిగాడు, "సరేమా, లోపల ఏముంది?" నేను నిలబడి చెప్పాను: రెండు పిస్తోళ్ళు, ఒక హైదరాబాదు కడ్డీ, వంగిన గొడుగు ఊచ, ఎర్ర వోణీ ముక్క, నూనె బుడ్డి. పెట్టె తెరుచుకుంది. అన్నీ ఉన్నాయి. అడుగున కాగితంలో చుట్టి, దారం కట్టి, ఇంకో పొట్లం ఉంది. "ఇది చెప్పలేదే, పెట్టె నీదేనా?" అని ఆ మనిషి ఎకసెక్కెమాడాడు. విప్పితే గుండ్రటి పిడి. అత్త గది తలుపుది. మా ఆయన అరిగిన చోట రాగి ముక్క అతికించి, నున్నగా రాకి, నాలుగు మరలు విడిగా చిన్న పొట్లం కట్టి పెట్టాడు. బిగించడం ఒక్కటే మిగిల్చాడు.

ఇప్పుడు ఆ గదిలో నేను పడుకుంటున్నాను. అత్త కూడా లేదు. ఆ మనిషి చేతనే పిడి బిగించుకున్నాను, లోపలి నుంచి తిప్పితే తలుపు వస్తోంది. ఇటుక మాత్రం అలాగే ఉంచాను, ఇన్నేళ్ళ మనిషిని బయటికి పొమ్మనలేక. మా ఆయన చెప్పిన రేపు రావడానికి పద్నాలుగేళ్ళు పట్టింది గానీ, నాలుగు మరలతో సహా వచ్చింది.