చివరి పేజీలో పెన్సిల్ రాత

మొన్న శనివారం మా ఉక్కునగరంలో పుస్తకాల గురించి మాట్లాడుకునే ఆడవాళ్ళం చేరినప్పుడు, మంచి చారిత్రక నవల ఏదైనా చెప్పండి అంటూ ఒకావిడ సంచిలోంచి అట్ట ఊడిన పాత పుస్తకం తీసింది. ఆ ముక్కిన కాగితం వాసన తగలగానే పేర్లన్నీ మరిచిపోయి, పోర్టు క్వార్టర్స్‌లో మా కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాను.

పెద్దమనిషినయ్యానని నన్ను ఎనిమిదో తరగతిలో బడి మాన్పించారు. ఎలమంచిలి దగ్గర పల్లెలో పొలం వదిలి పోర్టు పనికొచ్చిన నాన్నకి ఊరు మారింది గానీ పద్ధతి మారలేదు. ఎండాకాలంలో ఇనుప ఖనిజం ధూళి ఊచల మీద ఎర్రగా పేరుకునేది. బయట నా ఈడు పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే బిళ్ళ గీత మీద పడిందో లేదో లోపల్నుంచే తగువు తీర్చేదాన్ని. నాగులచవితికి నువ్వులూ బెల్లం కలిపి చిమ్మిలి దంచుతూ, వానల్లో ఆరని బట్టల కంపు పీలుస్తూ, ఓడ కూత వినబడినప్పుడల్లా అది ఏ దేశం పోతుందోనని ఏడ్చేదాన్ని. అబ్బ, ఎంత ఉక్కగా ఉండేదో ఆ గది!

అమ్మ కూరలకెళ్ళి వస్తూ అద్దె పుస్తకాల కొట్లోంచి నవల తెచ్చేది. ఆ పుస్తకాల చివరి ఖాళీ పేజీలో చదివినవాళ్ళంతా తమ మాట రాసేవాళ్ళు, కొట్టతను ఎంత తిట్టినా సరే. "రాణి చచ్చిపోతుంది, అన్నం తిన్నాక చదవండి" అని ఒకరు, "సేనాపతి ఒట్టి వెధవ" అని ఇంకొకరు. నేనూ పేరు లేకుండా "యుద్ధం బ్రహ్మాండం, తప్పక చదవండి" అని రాశాను. నెల పోయాక అమ్మని వేధించి మళ్ళీ అదే పుస్తకం తెప్పించుకుంటే, నా మాట కింద పెన్సిల్‌తో సన్నటి అక్షరాలు: "బాగుంది. మరి ఆ సైన్యానికి తిండి పండించినవాళ్ళేమయ్యారు? నవల చదివాక చరిత్ర కూడా చదువు." పక్కనే ఒక పుస్తకం పేరు.

అది చదివి దాని చివర్లో రాశాను, మళ్ళీ పెన్సిల్ బదులిచ్చింది. ఏడాదిన్నర అలా గడిచింది. రాజుల కథలు తగ్గి శాసనాలు, పన్నులు, కరువులు వచ్చాయి. ఒకసారి "నాకు బడి లేదు, తర్వాత ఏం చదవను?" అని అడిగాను. "నేను చెప్తాను. నువ్వు మాత్రం ఆపకు" అని వచ్చింది. ఆ మాటే నాన్న కంటపడింది.

"ఎవుడే ఈడు? ఎన్నాళ్ళనుంచి నడుస్తంది?"

నాన్న పుస్తకం పట్టుకుని కొట్టుకి పరుగెత్తాడు. గంటకి తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుని, వంటింట్లో అమ్మతో గొంతు తగ్గించి మాట్లాడాడు.

"మొగోడు కాదే. ఎనక రెండో వరసలో ముసలమ్మంట. మొగుడు పోయాక గడప దాటదంట, కొట్టు కుర్రోడే పుస్తకాలు అట్టుకెళ్ళి ఇత్తాడంట. నానేటో అనీసుకున్నాను."

"అయితే పుస్తకాలు మళ్ళీ తెత్తాను. గుంట బెంగెట్టీసుకుంటాది."

"ఒద్దు. కొట్టుకాడ నలుగురిలో ఒద్దని సెప్పీసొచ్చాను. ఇప్పుడు తెత్తే నవ్వరా?"

అంతే, పుస్తకాలు ఆగిపోయాయి. తప్పు తనదని తెలిసి కూడా ఆపాడే, ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. పెరటి గోడ పక్కన బిందె బోర్లించి ఎక్కితే ఆవిడ వంటింటి పొగ కనిపించేది.

పెళ్ళయి ఈ ఉక్కునగరం వచ్చాను. పురిటికీ పండగలకీ పుట్టింటికి వెళ్ళినప్పుడు నన్ను ఆపేవాళ్ళు ఎవరూ లేరు. ఆవిడ ఇల్లు రెండే వరసల అవతల. కొట్టు దగ్గర నాన్న ఆవిణ్ణి ఏమేం అన్నాడో, ఏ మొహం పెట్టుకుని వెళ్ళనని రేపు రేపు అనుకుంటూ ప్రతిసారీ బండెక్కేశాను. తర్వాత ఆ వరసలు పడగొట్టారు. అద్దె కొట్టు సెల్‌ఫోన్ల దుకాణమైంది. పుస్తకం చివర రాసేవాళ్ళే లేరు.

మొన్న ఆ పాత పుస్తకం తీసినావిడకి ఒక నవల చెప్పి, దాని తర్వాత ఫలానా చరిత్ర పుస్తకం చదవమన్నాను.

"మీకివన్నీ ఎవరు చెప్పారండీ?" అంది.

"మా వెనక వరసలో ఒకావిడ."

"పేరేటండీ?"

నాకు తెలియదు.