ఎదురుకాళ్ళతో పుట్టానన్న అబద్ధం

ఏళ్ళ తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఎన్నో వార్తలు రాశాను. ఇదొక్కటీ రాయలేకపోయాను.

నేను ఎదురుకాళ్ళతో పుట్టలేదు. అలా పుట్టినవాళ్ళు కాలితో నిమిరితే నడుంనొప్పి పోతుందని మా కోనసీమలో నమ్మకం. అమలాపురంలో విలేకరిగా చేరిన కొత్తలో నేనూ అలాంటివాణ్ణేనని సరదాకి అన్నాను. కాదనడానికి అమ్మ లేదు. ఇక జనం మా అరుగు మీద బోర్లా పడుకోవడం మొదలుపెట్టారు. పడుకుని ఊరుకోరు కదా, ఉప్పలగుప్తం చెరువుల తగాదాలూ అంబాజీపేట కొబ్బరి కబుర్లూ చెప్పేవారు. నాకు కావలసింది ఆ కబుర్లే. పట్టేసిన నడుం దానంతటదే సర్దుకునేది. పేరు నాకొచ్చేది.

ఒక ఆదివారం సువార్తమ్మ టీచరుగారు వచ్చారు. నాకు వాక్యం రాయడం నేర్పిన మనిషి. నడుంలో మొదలైన నొప్పి పిరుదు మీదుగా పిక్కలోకి లాగుతోందట.

"ఏరా, బళ్ళో తిన్న దెబ్బలన్నీ ఇవాళ తీర్చేసుకుంటావా?"

"అయ్యో, మీ మీద కాలెలా వేస్తానండీ!"

"వెయ్యరా బాబూ. చర్చిలో కూర్చోలేకపోయేను. బొటనవేలు మొద్దుబారిపోయింది, చెప్పు జారిపోయినా తెలవట్లేదు."

నా కాలు ఆగింది. నొప్పి కాలిలోకి దిగి మొద్దుబారితే వెంటనే డాక్టరుకు చూపించాలని కొద్దిరోజుల ముందే పేపరుకు రాసి పంపినవాణ్ణి నేనే. ఆ మాటే ఆమెకెందుకు చెప్పలేదు? మరి నీ కాలెందుకురా అంటారని భయం. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

"తగ్గిపోతుందండీ. వచ్చే ఆదివారం మళ్ళీ రండి" అన్నాను.

"ఆయ్, అలాగే" అన్నారు. నమ్మి వస్తూనే ఉన్నారు, అడుగు తడబడేదాకా. కాకినాడలో ఆపరేషన్ అయ్యాక నొప్పి పోయింది. పాదం మాత్రం పైకి లేవలేదు. ముందే తీసుకురావలసింది అన్నాడు డాక్టరు. ఆమె నన్ను చూపించి, వీడు నాకెంతో చేశాడని ఆయనతో చెప్పారు. అప్పుడైనా తల దించుకున్నానా? లేదు. నమస్కారం పెట్టాను.

మొన్న వేసవిలో అదే నొప్పి నాకు వచ్చింది. కబురు తెలిసిన పూటే ఆమె పాదం ఈడ్చుకుంటూ ఆటో దిగి, నా సాకులు వినకుండా ఆసుపత్రికి లాక్కెళ్ళారు. ఈరోజు తిన్నగా నడుస్తున్నానంటే ఆమె వల్లే. ఇంత మంచి నాకెందుకు దక్కిందో తెలియదు. దక్కినందుకు రోజూ దండం పెట్టుకుంటాను.

ఆమె పేపరు అక్షరం వదలకుండా చదువుతారు. పేపరుకు పంపుతున్న ఈ రాతలో ఆమె పేరొక్కటే మార్చాను. చదివితే పోల్చుకుంటారు. పోల్చుకోవాలనే మిగతావేవీ మార్చలేదు.