మణికట్టులో ఎనిమిది ఎముకలు

ఆవిడ కొండమీది ఊళ్లలో ఎవరికి ఎముక విరిగినా కట్టు కట్టే మామ్మ. నేను అరకు దగ్గర కొత్తగా డాక్టరుగా చేరిన రోజుల్లో, కాఫీ తోటలో జారిపడిన మనవరాలిని, కూతురి పోరు పడలేక మా ఆసుపత్రికి తీసుకొచ్చింది. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు.

"బెణుకే మామ్మా, తగ్గిపోతుంది" అన్నాను.

ఆమె ఎవరి చెయ్యి పట్టుకున్నా ముందు కళ్లు మూసుకునేది. అలాగే మూసుకుని, మనవరాలి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొక్కింది. పిల్ల కెవ్వుమంది.

"ఇరిగింది డాట్రుబాబూ! నీ పొటోకి తెల్దేటి?"

నర్సులకు పాఠం చెప్పే గదిలో ప్లాస్టిక్ అస్థిపంజరం ఉంది. ఏ ఎముకో చూపించమని ఆమెను అక్కడికి తీసుకెళ్లాను. అలాంటిది ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఓలమ్మో! ఇన్నేళ్లూ సేత్తో సూసినవి ఇయ్యేనేటి!"

మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకల్నీ తడిమి, ఒకదాని దగ్గర ఆగింది. అది పడవ ఆకారపు ఎముక. అది విరిగితే మొదట్లో ఎక్స్‌రేకు అందకపోవచ్చని చదివి కూడా మరిచిపోయాను! వెంటనే పిండికట్టు వేశాను.

రెండు వారాలకు తీసిన ఫిల్ములో సన్నని గీత కనబడింది. దాన్ని పట్టుకుని వరండాలోకి పరుగెత్తాను.

"నువ్వు చెప్పిందే నిజం మామ్మా!"

ఆమె ఫిల్ము వంక చూడనైనా లేదు.

"అది సర్లే బాబూ. బేగి ఆ ఎముకల గది తలుపు తియ్యి. ఎన్నెముక ఇంకా సూడనేదు!"